గాల్ బ్లాడర్ ఆపరేషన్‌లో అమ్మకు పైత్యనాళం తెగింది. రేపే మళ్ళీ ఓపెన్ చేస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

పెరంబూరు అబ్బాయి · జనవరి 25, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో పెరంబూరులో ఉంటాను. అమ్మానాన్న నెల్లూరు జిల్లాలో మా ఊళ్ళోనే ఉంటారు. అమ్మకు 56 ఏళ్ళు. పిత్తాశయంలో రాళ్ళతో ఏడాదిగా నొప్పి వస్తూ పోతూ ఉండేది. పిల్లలంతా సంక్రాంతికి వస్తారు, పండగ అయ్యాకే చేయించుకుంటానంది. జనవరి 19న దగ్గరి టౌన్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో లాప్రోస్కోపీ చేశారు. నాలుగు చిన్న కన్నాలు. రెండో రోజుకే ఇంటికి పంపేశారు.

వచ్చిన మర్నాటి నుంచి కడుపు ఉబ్బరం, ముద్ద దిగలేదు. ఫోన్ చేస్తే గ్యాస్ అన్నారు. నాన్న వాము నీళ్ళు కాచి ఇచ్చారు. 23న జ్వరం వచ్చింది. 24 పొద్దున వీడియో కాల్‌లో చెల్లెలు అమ్మ కళ్ళు చూపించింది, పసుపు రాసినట్టున్నాయి. మళ్ళీ తీసుకెళ్తే స్కాన్ తీసి కడుపులో నీరు చేరిందన్నారు, పక్క నుంచి ట్యూబ్ వేశారు. వచ్చింది నీరు కాదండీ, పచ్చటి పసరు. తెల్లారేసరికి బ్యాగ్‌లో 900 మిల్లీలీటర్లు.

ఈరోజు నెల్లూరు తీసుకెళ్ళి ఎంఆర్‌సీపీ (పైత్యనాళాలు చూపే ఎంఆర్ఐ స్కాన్) తీయించాం. కామన్ హెపాటిక్ డక్ట్ (కాలేయం నుంచి దిగే పెద్ద పైత్యనాళం) మధ్యలో తెగిపోయింది, కింది ముక్క మీద క్లిప్పులున్నాయి అని రాశారు. డాక్టర్ గారు రేపు పొద్దున్నే ఓపెన్ చేసి కలిపి కుట్టేస్తామంటున్నారు, సంతకం పెట్టమంటున్నారు. నాన్న పెట్టేద్దాం అంటున్నారు. నాకు చెయ్యి రావడం లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

కావలి కోడలు · రాత్రి 11:05

తమ్ముడూ, కంగారు పడకు. నాకూ ఇలాగే పసరు లీకైంది, ఆపరేషనే లేకుండా ఈఆర్‌సీపీలో, అంటే నోటి గుండా గొట్టం పంపి, నాళంలో స్టెంట్ (సన్న ప్లాస్టిక్ గొట్టం) వేసి ఆపేశారు. అదడుగు ముందు.

కోడంబాక్కం డాక్టర్ · రాత్రి 11:20

నేను సర్జరీలో పని చేస్తున్నాను. మీ అమ్మగారిని చూడలేదు కాబట్టి ఇది సలహా అనుకోండి, వైద్యం అనుకోవద్దు. ముందు నాలుగు ప్రశ్నలు. ఇప్పుడు జ్వరం ఎంత? బీపీ, నాడి ఎలా ఉన్నాయి? మూత్రం సరిగా వస్తోందా? ట్యూబ్ వేశాక కడుపు ఉబ్బరం తగ్గిందా?

పెరంబూరు అబ్బాయి · రాత్రి 11:32

జ్వరం 99.4. బీపీ 110/70, నాడి 92. మూత్రం వస్తోంది, టీ డికాక్షన్ రంగులో. ట్యూబ్ వేశాక కడుపు మెత్తబడింది, రాత్రి కాస్త నిద్ర కూడా పోయిందట.

కోడంబాక్కం డాక్టర్ · రాత్రి 11:58

అయితే రేపు పొద్దున్నే కత్తి పట్టాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. ఎందుకో వివరంగా రాస్తాను, నాన్నగారికి చదివి వినిపించండి.

కాలేయం రోజుకు సుమారు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల పైత్యరసం తయారు చేస్తుంది, మీరు పసరు అంటున్నది అదే. అది కుడి, ఎడమ నాళాల నుంచి వచ్చి ఒక్కటై కిందికి దిగి పేగులో పడుతుంది. ఆ నాళం మామూలుగా 4 నుంచి 6 మిల్లీమీటర్ల వెడల్పే ఉంటుంది, అంటే పెన్సిల్ కన్నా సన్నం. పిత్తాశయానికి దాని పక్క నుంచే ఒక చిన్న కొమ్మ ఉంటుంది. ఆపరేషన్‌లో కత్తిరించాల్సింది ఆ కొమ్మను. వాపుతో అన్నీ అతుక్కుపోయినప్పుడు పెద్ద నాళమే ఆ కొమ్మలా కనిపించి, దానికే క్లిప్ పడుతుంది. ఈ గాయాల్లో ఎక్కువగా చూసే పొరపాటు అదే.

కొమ్మ మొదలు నుంచో, కాలేయం పడక మీది సన్న నాళం నుంచో లీకైతే (ఈ గాయాలను రకాలుగా విడదీసే స్ట్రాస్‌బర్గ్ వర్గీకరణలో టైప్ ఏ) కావలి అక్క చెప్పినట్టు స్టెంట్ చాలు. పేగువైపు దారి సులువైతే పసరు అటే పోతుంది, చిల్లు దానంతటదే మూసుకుంటుంది. మీ అమ్మగారికి మాత్రం పెద్ద నాళమే పూర్తిగా తెగింది, అది టైప్ ఈ. కింది నుంచి ఈఆర్‌సీపీ గొట్టం పంపితే క్లిప్ దగ్గరే ఆగిపోతుంది. పై ముక్కను పేగుకు కలపాల్సిందే. ఆపరేషన్ తప్పదు. ఎప్పుడు, ఎవరు చేస్తారన్నదే ప్రశ్న.

టేబుల్ మీదే తెలిసి, అక్కడే ఈ పని రోజూ చేసే హెచ్‌పీబీ (కాలేయం, పాంక్రియాస్, పైత్యనాళాల) సర్జన్ ఉంటే వెంటనే కలపొచ్చు, ఫలితాలు బాగుంటాయి. ఆరో రోజున, పసరులో నానిన కడుపులో, జ్వరం ఉండగా కుడితే కథ వేరు. పసరు తగిలిన కణజాలం తడిసిన కాగితంలా ఉంటుంది, దారం లాగితే చిరుగుతుంది. అదీగాక లీకవుతున్న నాళం ఉబ్బి ఉండదు, సన్నగా ఉంటుంది. ఆ కుట్టు విఫలమైతే తర్వాతి సర్జన్ ఇంకా పైకి, కాలేయం లోపలికి వెళ్ళి నాళం వెతుక్కోవాలి. మొదటి రిపేరే అన్నిటికన్నా మంచి అవకాశం, దాన్ని తొందరలో పోగొట్టుకోకండి.

ఇప్పుడు చేయాల్సింది పసరును బయటికి తీస్తూ ఉండటం, యాంటీబయాటిక్, సెలైన్, ఆ తర్వాత హెచ్‌పీబీ విభాగం ఉన్న చోటికి చేర్చడం. వాపు తగ్గడానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి మూడు నెలలు ఆగుతారు. కొన్ని పెద్ద సెంటర్లలో పేషెంట్ బాగుంటే ముందే చేస్తారు, అది చూసినవాళ్ళు నిర్ణయించాలి.

ఆ డాక్టర్ గారితో గొడవ పడకండి. “సార్, రిఫర్ చేయండి, ఆపరేషన్ నోట్స్ కాపీ ఇవ్వండి” అనండి చాలు.

తడ తమ్ముడు · జనవరి 26, ఉదయం 6:10

గొడవ పడకండి ఏంటండీ? తప్పు చేసింది వాళ్ళు. కేసు వేయాలి, టీవీ వాళ్ళని పిలవాలి. మా బాబాయికి ఇలాగే చేసి గ్యాస్ గ్యాస్ అంటూ పది రోజులు ఉంచుకున్నారు. ఆయన ఇప్పుడు లేరు.

అడ్మిన్ · ఉదయం 6:45

మీ బాబాయి గారి విషయం విని చాలా బాధగా ఉంది. ఆస్పత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు మాత్రం ఇక్కడ ఎవరూ రాయకండి.

కోడంబాక్కం డాక్టర్ · ఉదయం 7:20

తడ తమ్ముడూ, ఆ పది రోజులు పోగొట్టడం నిజంగా తప్పే. నాళం తెగడం ఒకటి, తెగిందని ఒప్పుకోకుండా నాన్చడం ఇంకొకటి. మొదటిది మంచి సర్జన్ చేతిలోనూ జరగొచ్చు, ఎందుకంటే నాళాల అమరిక మనిషికీ మనిషికీ మారుతుంది. ప్రాణం తీసేది ఎక్కువగా రెండోదే. లాప్రోస్కోపీ అయిన మూడో రోజుకి మనిషి లేచి తిరగాలి, తినాలి. అలా కాకుండా కడుపు ఉబ్బి, నొప్పి పెరిగి, నాడి వేగంగా ఉంటే అది గ్యాస్ అనుకోకూడదు. ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన కార్బన్ డయాక్సైడ్ ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో కలిసిపోతుంది. స్కాన్, ఎల్ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) ఆ రోజే చేయించాలి.

సూళ్ళూరుపేట మామయ్య · ఉదయం 8:00

బాబూ, కేసు సంగతి. వినియోగదారుల చట్టం కింద ఫిర్యాదుకు రెండేళ్ళ గడువుంది, ఈ వారమే పరిగెత్తక్కర్లేదు. కాగితాలు మాత్రం ఇప్పుడే అడుగు. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నియమం ఉంది. ఆపరేషన్ నోట్సు, స్కాన్ సీడీలు, వీడియో తీసి ఉంటే అది కూడా. కోర్టుకే కాదు, రేపు కుట్టబోయే డాక్టర్‌కి కూడా అవే కావాలి.

పెరంబూరు అబ్బాయి · జనవరి 26, సాయంత్రం 4:15

సంతకం పెట్టలేదు. డాక్టర్ గారు మొదట కాస్త నొచ్చుకున్నారు, తర్వాత ఆయనే రిఫరల్ రాసి, అంబులెన్స్‌లో ఒక నర్సును తోడు పంపారు. ఆపరేషన్ నోట్స్ జిరాక్స్ కూడా ఇచ్చారు. గూడూరు దాటాం. అమ్మ నిద్రపోతోంది. ఎక్కడికి తీసుకెళ్ళాలి? మాకు పెద్ద ఇన్సూరెన్స్ ఏమీ లేదు.

కోడంబాక్కం డాక్టర్ · 4:22

ఖర్చు ఆలోచిస్తుంటే ప్రభుత్వంలో స్టాన్లీ ఆస్పత్రి, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ జనరల్ ఆస్పత్రి, రెండింటిలోనూ సర్జికల్ గ్యాస్ట్రో విభాగాలున్నాయి. వేలూరు సీఎంసీలో కూడా ఈ పని చాలా ఏళ్ళుగా చేస్తున్నారు. ప్రైవేటులో ఏదైనా సరే ఒక్క ప్రశ్న అడగండి: పైత్యనాళం గాయాలు మీ దగ్గర ఎంత తరచుగా చేస్తారు, రేడియాలజీలో పీటీబీడీ (చర్మం మీదుగా కాలేయంలోని నాళంలోకి వేసే ట్యూబ్) వేసేవాళ్ళు ఉన్నారా?

పెరంబూరు అబ్బాయి · ఫిబ్రవరి 3, రాత్రి 9:30

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అడ్మిట్ చేశారు. సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) తీశారు, కుడి హెపాటిక్ రక్తనాళం బాగానే ఉందట. అది కూడా తెగి ఉంటే కష్టం పెరిగేదన్నారు. కాలేయం లోపలికి చర్మం మీదుగా పీటీబీడీ ట్యూబ్ వేశారు. నాళాలు ఉబ్బి లేవు కాబట్టి సూదికి దొరకలేదు, రెండోసారికి దొరికింది. కుడి ఎడమ కలిసే చోటు నుంచి సెంటీమీటరున్నర మిగిలిందట, ఈ2 (టైప్ ఈలో రెండో రకం) అన్నారు. ఏప్రిల్‌లో ఆపరేషన్. అంతవరకు బ్యాగ్‌తో ఇంట్లో ఉండాలి.

వార్డులో సిస్టర్ “వలి ఇరుక్కా?” (నొప్పి ఉందా?) అని అడుగుతుంటే అమ్మ “వలి లేదమ్మా” అని సగం తమిళం సగం తెలుగులో చెప్తోంది. నవ్వింది కూడా. పది రోజుల్లో మొదటిసారి.

రెండు నెలలు ఈ బ్యాగ్‌తో ఎలా చూసుకోవాలి? పెద్దమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి కామెర్లకు పసరు మందు పంపిస్తానంటోంది.

నర్స్ అక్క, విల్లివాక్కం · ఫిబ్రవరి 3, రాత్రి 10:40

పెద్దమ్మ గారికి దండం పెట్టి వద్దని చెప్పు తమ్ముడూ. ఈ కామెర్లు నాళం తెగినందువల్ల వచ్చినవి, పసరు మందుకీ చేతి మీద వాతకీ తగ్గవు. కాలేయం మీద ఇంకో భారం తప్ప ఒరిగేదేమీ లేదు.

నేను ఇలాంటి ట్యూబుల పేషెంట్లను పద్నాలుగేళ్ళుగా చూస్తున్నాను. బ్యాగ్ ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి. పడుకునేటప్పుడు ట్యూబ్ ఒంటి కింద పడి నలగకూడదు. నేను ఏం చేస్తానంటే, ట్యూబ్‌ను చర్మానికి రెండు చోట్ల అంటిస్తాను, మధ్యలో చిన్న వంపు వదిలి. అలా అయితే బ్యాగ్ లాగినా ఆ లాగుడు కుట్టు దాకా పోదు. జడకు కట్టే రిబ్బన్‌తో నైటీ కుట్టుకు బ్యాగ్‌ను ముడి వేస్తే నడిచేటప్పుడు ఊగదు.

చర్మానికి పసరు తగిలితే మంటెక్కి ఎర్రబడుతుంది. కట్టు గుడ్డ (గాజ్) కింద తడిగా ఉంటే వెంటనే మార్చాలి. జింక్ ఆక్సైడ్ క్రీమ్ పలచగా రాయొచ్చు. సెలైన్‌తో ట్యూబ్ కడగమని డాక్టర్ చెప్తేనే కడగండి, చెప్పినంతే పంపండి, బలంగా నెట్టకండి, బయటికి లాగకండి.

అన్నిటికన్నా ముఖ్యం, రోజూ 24 గంటలకు ఎంత వచ్చింది, ఏ రంగు, ఒక నోటు పుస్తకంలో రాయండి. పసరుతో పాటు ఉప్పులు, నీళ్ళు పోతాయి. రోజుకి అర లీటరు పోతుంటే మనిషి ఎండిపోయి కళ్ళు తిరుగుతాయి. ఓఆర్ఎస్, ఉప్పేసిన మజ్జిగ, గంజి ఇస్తూ ఉండండి. పసరు పేగులోకి వెళ్ళకపోతే కొవ్వులో కరిగే విటమిన్లు, ఏ, డి, ఈ, కె, ఒంటికి పట్టవు. కె తగ్గితే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అందుకే పీటీ పరీక్ష చేసి ఇంజెక్షన్ ఇస్తారు. తిండికి భయపడొద్దు. నూనె తగ్గించండి గాని పప్పు, గుడ్డు, చేప పులుసు పెట్టండి. రెండు నెలల్లో బరువు తగ్గిపోతే పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేదు.

వణుకుతో జ్వరం వస్తే, ఉన్నట్టుండి బ్యాగ్‌లోకి రావడం ఆగిపోతే, రక్తం కనిపిస్తే, ట్యూబ్ ఊడితే, తెల్లారేదాకా ఆగకండి.

కావలి కోడలు · ఫిబ్రవరి 4

స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. నాకు ఆరు వారాలకు తీయించుకోమన్నారు. బాగానే ఉంది కదా అని పిల్లల పరీక్షల హడావుడిలో నాలుగు నెలలు మర్చిపోయాను. ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలలకల్లా పూడుకుపోతుందట. చలి జ్వరంతో ఐసీయూకి వెళ్ళాను. తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

అడయార్ ఐటీ అన్న · ఫిబ్రవరి 6

ఇదంతా చదివి టెన్షన్ వచ్చింది. నాకు 20న ఇదే ఆపరేషన్. మానేయనా? రాళ్ళ వల్ల ఇప్పటికి మూడుసార్లు నొప్పి వచ్చింది.

కోడంబాక్కం డాక్టర్ · ఫిబ్రవరి 6

మానేయకండి. ఈ గాయం వెయ్యిమందిలో మూడు నుంచి ఐదుగురికి అవుతుంది. నొప్పి మొదలైన రాళ్ళను అలాగే వదిలేస్తే రాయి జారి పాంక్రియాస్ వాచే ప్రమాదం, నాళంలో చీము పట్టే ప్రమాదం ఉంటాయి.

మీ సర్జన్‌ను రెండు విషయాలు నిస్సంకోచంగా అడగండి. క్లిప్ వేసే ముందు క్రిటికల్ వ్యూ చూస్తారా? ఇది 1995లో స్ట్రాస్‌బర్గ్ చెప్పిన పద్ధతి. పిత్తాశయం మెడ దగ్గరి త్రికోణంలో కొవ్వంతా శుభ్రం చేయాలి, పిత్తాశయం కింది మూడో వంతు కాలేయం నుంచి విడదీయాలి, పిత్తాశయంలోకి రెండంటే రెండే గొట్టాలు వెళ్తున్నట్టు కనిపించాలి. ఆ తర్వాతే కత్తిరించాలి. రెండోది, అలా కనిపించకపోతే ఏం చేస్తారు? ఓపెన్ చేస్తాను, లేదా పిత్తాశయంలో కొంత భాగం వదిలేసి బయటికొస్తాను అని జవాబిస్తే ఆయన మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఓపెన్ చేయాల్సి రావడం ఓటమి కాదు. మనవాళ్ళు చాలామంది కన్నాలతో చేస్తానని కోత పెట్టారేంటని సర్జన్‌తో పోట్లాడతారు, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

సూళ్ళూరుపేట మామయ్య · ఫిబ్రవరి 9

పెరంబూరు బాబూ, నాకు ఈ ఆపరేషన్ అయి పదకొండేళ్ళు. హెపాటికోజెజునాస్టమీ. పేరు నోరు తిరగడానికే వారం పట్టింది. మా ఊరి భాషలో చెప్తాను: కాలవ గండి పడింది, పాత గట్టు పనికిరాదు, అందుకని చిన్న పేగులోంచి ఒక పాయ కోసి పైకి లాగి కాలేయం దగ్గర నాళానికి అతికించారు. ఆ పాయను పొడుగ్గా ఉంచుతారట, తిన్నది వెనక్కి ఎక్కకుండా. పక్కటెముకల కింద అడ్డంగా కోత. మూడో రోజు కూర్చోబెట్టారు, పదో రోజు ఇంటికి.

మూడో ఏడు దురద మొదలైంది, తర్వాత వణుకు జ్వరం. అతుకు దగ్గర దారి సన్నబడిందన్నారు. చర్మం మీదుగానే బెలూన్ పెట్టి మూడుసార్లు వెడల్పు చేశారు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు. ఆరు నెలలకోసారి ఎల్ఎఫ్‌టీ చేయించుకుంటాను. అందులో కామెర్లు చూపే బిలిరుబిన్ బాగానే ఉన్నా, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే అంకె ముందే పెరుగుతుంది, దాన్ని చూడమని మా డాక్టర్ గారు నేర్పారు. బాగున్నాం కదా అని పరీక్ష ఆపొద్దు. నాళం మూసుకుపోయి ఏళ్ళ తరబడి అలాగే ఉంటే కాలేయం గట్టిపడిపోతుంది. ఈ ఆపరేషన్ అయ్యాక మామూలు ఈఆర్‌సీపీ గొట్టం అతుకు దాకా చేరడం కష్టం, అందుకని ఆపరేషన్ నోట్సు ఎప్పుడూ దగ్గర ఉండాలి. నేను ల్యామినేషన్ చేయించి బీరువాలో పెట్టాను, ఒక కాపీ ఫోన్లో.

పెరంబూరు అబ్బాయి · ఉగాది రోజు

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. అమ్మ పెరంబూరులో నా దగ్గరే ఉంది. వేపపువ్వు, మామిడికాయ కొయ్యడం అన్నీ కుర్చీలో కూర్చునే చేసింది. నాన్న వడ్ల లెక్కలు రాసే పుస్తకంలోనే వెనక నుంచి పసరు లెక్క రాస్తున్నారు: 420, 460, 450, 380. ఒకరోజు 120 అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టారు. ట్యూబ్ మెలిక పడిందని అప్పుడే కనిపెట్టాం. బరువు 51 నుంచి 48కి దిగి ఇప్పుడు 50.

నర్స్ అక్క, విల్లివాక్కం · ఉగాది రోజు

ఆ ప్రశ్న గుర్తు పెట్టినాయనకు నా నమస్కారం చెప్పు తమ్ముడూ.

పెరంబూరు అబ్బాయి · ఏప్రిల్ 8, రాత్రి

సోమవారం ఆపరేషన్ అయింది. ఐదున్నర గంటలు పట్టింది. నాళం మంచిగా దొరికింది, ఎడమ వైపుకు కొంచెం చీల్చి వెడల్పు చేసి పేగుకు కుట్టామన్నారు. ఈరోజు గ్లూకోజ్ తీసేసి రెండు చెంచాల ఇడ్లీ పెట్టారు. నొప్పి ఉంది.

అడయార్ ఐటీ అన్న · ఏప్రిల్ 9

అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నాది ఫిబ్రవరి 20నే అయిపోయింది. మధ్యలో వాపు ఎక్కువుందని ఓపెన్ చేశారు. ముందే అడిగి ఉన్నాను కాబట్టి మా ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు.

పెరంబూరు అబ్బాయి · మే 17

పీటీబీడీ ట్యూబ్‌లోంచి మందు పంపి ఎక్స్‌రే తీశారు. మందు ఆగకుండా పేగులోకి జారిపోవడం స్క్రీన్ మీద నాకూ చూపించారు. వారం పాటు ట్యూబ్ మూసి ఉంచారు, జ్వరం రాలేదు, దురద లేదు. మొన్న తీసేశారు. ఆ కన్నం మీద చిన్న గాజ్ గుడ్డ పెట్టారు, నిన్న సాయంత్రానికి పొడిగా ఉంది. ఇది ఇక్కడ రాయొచ్చో లేదో తెలీదు, రెండున్నర నెలలు సున్నం రంగులో ఉన్న విరేచనం ఆపరేషన్ తర్వాత మామూలు రంగుకొచ్చిందని అమ్మ పిలిచి మరీ చెప్పింది.

ఎల్ఎఫ్‌టీ మూడు నెలలకోసారి చేయించమన్నారు, తర్వాతది ఆగస్టులో. రేపు పినాకినిలో ఊరికి పంపిస్తున్నాను.

నర్స్ అక్క, విల్లివాక్కం · మే 17

రాయొచ్చు తమ్ముడూ, మేం రోజూ అడిగేదే అది. రైల్లో బరువులు ఎత్తనివ్వకు, కోత ఇంకా పచ్చిది. ఆ వడ్ల పుస్తకం ఆగస్టులో వచ్చేటప్పుడు ఫైలుతో పాటు తీసుకురమ్మను.